మైక్రో ఎకనామిక్స్ మన పిల్లలకెందుకు అనేవారికి

ఒడిశాలోని బరంపురంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే పిల్లల చుట్టూ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. పీజీ స్థాయి మైక్రో ఎకనామిక్స్ అంటే వట్టి లెక్కల కసరత్తు అట. అమెరికా విశ్వవిద్యాలయాల అవసరానికి పుట్టిన చదువట. మార్కెట్‌ను దేవుణ్ని చేసి కూర్చోబెట్టే శాస్త్రమట. గంజాం జిల్లా పిల్లలకు దానితో పనిలేదు, భారత ఆర్థిక వ్యవస్థ, గ్రామీణాభివృద్ధి, బ్యాంకింగ్ చదివితే చాలు, మైక్రో పేపరు గట్టెక్కడానికి పది ప్రశ్నలు బట్టీ పడితే సరిపోతుంది అని తీర్మానం.

ఈ మాట మూడు వైపుల నుంచి వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉద్యోగం పేరు చెప్పి అంటారు. కొందరు అధ్యాపకులు పిల్లల మీద జాలితో అంటారు. ప్రజల పక్షం వహించే మేధావులు సిద్ధాంతం పేరుతో అంటారు. ముగ్గురి ఉద్దేశాలూ వేరు, ముగ్గురూ చేరే చోటు మాత్రం ఒకటే. చిన్న ఊరి విద్యార్థికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు అన్నదే ఆ చోటు. ఈ అభిప్రాయం తప్పు, హానికరం కూడా. కొనేవాడి బలం ముందు అమ్ముకునేవాడు నిస్సహాయంగా నిలబడే బజార్లు గంజాంలో ఎన్నో ఉన్నాయి. అలాంటి జిల్లాలో పీజీ మైక్రో అవసరం ఢిల్లీలోకంటే ఎక్కువ.

ముందు బరువైన ఆరోపణను తీసుకుందాం. మైక్రో ఎకనామిక్స్ మార్కెట్‌ను కీర్తిస్తుందన్నది ఆ ఆరోపణ. ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీ మొదటి ఏడాదిలోనో ఆగిపోయినవారికి అలా అనిపించడం సహజం. అక్కడ కనిపించేది ఒక్క బొమ్మే. డిమాండ్ రేఖ కిందికి దిగుతుంది, సప్లై రేఖ పైకి ఎక్కుతుంది, రెండూ కలిసిన చోట అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పీజీ స్థాయిలో ఆ బొమ్మను విప్పి చూస్తారు. అర్థశాస్త్రవేత్తలు కెనెత్ యారో, జెరార్డ్ డెబ్రూ 1954లో సాధారణ సమతౌల్యం, అంటే అన్ని బజార్లలోనూ ఒకేసారి డిమాండ్, సప్లై సరిపోయే స్థితి, ఉంటుందని నిరూపించారు. ఆ నిరూపణ చదివిన విద్యార్థికి మొదట అర్థమయ్యేది మార్కెట్ గొప్పతనం కంటే దానికి కావలసిన షరతుల జాబితా. ఎవరి దగ్గరా ధరను శాసించే బలం ఉండకూడదు. ప్రతి వస్తువుకూ, ప్రతి కాలానికీ, ప్రతి ఆపదకూ బజారు ఉండాలి. ఒకరి పని మరొకరి మీద ధర చెల్లించని ప్రభావం చూపకూడదు. సరుకు గురించి ఇద్దరికీ ఒకే సమాచారం ఉండాలి. వీటిలో ఏది తప్పినా మార్కెట్ ఫలితం మేలైనదే అన్న హామీ నిలవదు.

ఇంకా ముందుకు వెళితే, 1970ల తొలి సంవత్సరాల్లో సోనెన్‌షైన్, మాంటెల్, డెబ్రూ చేసిన నిరూపణలు ఎదురవుతాయి. ప్రతి మనిషీ ఎంత హేతుబద్ధంగా ప్రవర్తించినా, సమతౌల్యం ఒక్కటే ఉంటుందనీ, ధరలు వాటంతటవే అక్కడికి చేరుకుంటాయనీ చెప్పడానికి సిద్ధాంతంలో ఆధారం లేదని వాళ్లు తేల్చారు. తన పునాదిలోని ఖాళీని తానే లెక్కకట్టి బయటపెట్టిన శాస్త్రం ఇది. దీన్ని మార్కెట్ భజన అనేవారు మొదటి బొమ్మ దగ్గరే పుస్తకం మూసేసినవారు.

సగం చదువు ఎంత ప్రమాదమో ఈ తీరానికి తెలుసు. 1865లో వానలు ముఖం చాటేశాయి. 1866లో ఒడిశాలో వచ్చిన కరువును ఇప్పటికీ 'నఅంక దుర్భిక్షం' అని తలుచుకుంటారు. పది లక్షల మంది, అంటే సుమారు మూడో వంతు జనం చనిపోయారని అంచనా. గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, దానికీ ఆ కరువు తగిలింది. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సెసిల్ బీడన్ ప్రభుత్వం బయటి నుంచి బియ్యం తెప్పించడానికి సమయానికి ఒప్పుకోలేదు. ధర పెరిగితే వర్తకులే బియ్యం తెస్తారు, ధరల జోలికి ప్రభుత్వం వెళ్లకూడదు అన్నది వాళ్ల నమ్మకం. ధర పెరిగింది, బియ్యం రాలేదు. కొనే డబ్బు లేనివాడి ఆకలి బజారులో డిమాండ్‌గా లెక్కకు రాదు. వానాకాలం ముదిరాక ఓడలు సరుకు దించడానికీ, బండ్లు కదలడానికీ దారి లేకపోయింది. జార్జ్ క్యాంప్‌బెల్ అధ్యక్షతన కమిషన్ విచారించేనాటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఆ అధికారుల దగ్గర ఉన్నది డిమాండ్-సప్లై సూత్రం ఒక్కటే. దాని వెనుక షరతులు వాళ్లకు తెలియవు. అమర్త్య సేన్ 1981లో వెలువడిన తన కరువుల గ్రంథంలో, తిండి ఉండటం వేరు, దాన్ని పొందే అర్హత మనిషి చేతిలో ఉండటం వేరు అని చూపించాడు. ఆయన అక్కడ వాడిన పరికరాలు సూక్ష్మ అర్థశాస్త్రానివే. మనిషి చేతిలో ఉన్నది ఏమిటి, దాన్ని బజారులో పెడితే ఏమి వస్తుంది, ఆ మారకపు రేటు కూలిపోతే ఏమవుతుంది అన్న వరుస అది. మార్కెట్ మీద గుడ్డి నమ్మకానికి విరుగుడు ఈ శాస్త్రాన్ని మరింత లోతుగా చదవడమే.

రెండో ఆరోపణ లెక్కల గురించి. కలన గణితం, కుంభాకార సమితులు, స్లట్స్కీ సమీకరణం ఎవరి కడుపు నింపుతాయి అని అడుగుతారు. సూటిగానే జవాబు చెప్పవచ్చు.

గంజాం నుంచి సూరత్‌కు వెళ్లి పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు సూరత్ మీద బతుకుతున్నాయో దేశమంతా చూసింది. పన్నెండేసి గంటల షిఫ్టు, నేసిన మీటరుకింత కూలి. రేటు పెంచమని అడిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. రేటు పెంచితే వీళ్లు పనికి రావడం తగ్గిస్తారు, డబ్బు చేతిలో పడితే ఊరికి పోతారు అని. ఈ మాట నిజమా అబద్ధమా? స్లట్స్కీ సమీకరణం దీన్ని రెండు ముక్కలు చేస్తుంది. రేటు పెరిగితే గంట పనికి వచ్చే ప్రతిఫలం పెరుగుతుంది కాబట్టి ఎక్కువ పనిచేయాలనిపిస్తుంది, ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. అదే సమయంలో ఇల్లు కాస్త తేరుకుంటుంది కాబట్టి విశ్రాంతి తీసుకోవాలనిపిస్తుంది, ఇది ఆదాయ ప్రభావం. రెండూ ఎదురెదురుగా లాగుతాయి. ఏది గెలుస్తుందో లెక్క చూడకుండా చెప్పడానికి వీల్లేదు. అంటే యజమాని చెప్పింది రుజువైన సత్యం కాదు, రుజువు చేయాల్సిన బాధ్యత ఆయన మీదే ఉంది. పైగా కూలి పెరిగి పన్నెండు గంటలు పదయితే, అది సోమరితనం కాదు, ఆ మనిషికి జరిగిన మేలులో భాగం అని కూడా ఆ సమీకరణమే చెబుతుంది. కూలివాడి తరఫున వాదించే మనిషికి ఇంతకంటే పనికొచ్చే పరికరం ఏముంది?

కనీస వేతనం సంగతీ అంతే. కూలి పెంచితే పనులు పోతాయన్నది ఊరి అరుగుల మీద కూడా చలామణీలో ఉన్న మాట. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో పని ఇచ్చేవాడు ఒక్కడే ఉన్నాడనుకుందాం. రోజుకు 300 రూపాయలు ఇస్తే పది మంది వస్తారు. పదకొండో మనిషి రావాలంటే 310 ఇవ్వాలి, ఆ పెంపు అందరికీ ఇవ్వాలి. అప్పుడు పదకొండో మనిషి కోసం అయ్యే అదనపు ఖర్చు అతని కూలి 310, మిగతా పది మందికి తలా పది చొప్పున మరో 100, మొత్తం 410. అతను చేసే పని విలువ 400 అయితే యజమాని అతన్ని తీసుకోడు. 400 విలువైన పనిచేసేవాళ్లకు 300 ఇచ్చి పది మందితో ఆగిపోతాడు. ఇప్పుడు ప్రభుత్వం కనీస కూలి 350 అని నిర్ణయించింది. ఆ కూలికి పదిహేను మంది వస్తారు. ప్రతి అదనపు మనిషికీ అయ్యే ఖర్చు 350 మాత్రమే, పని విలువ 400. పదిహేను మందినీ తీసుకుంటాడు. కూలి పెరిగింది, పని కూడా పెరిగింది. కొనేవాడు ఒక్కడే అయిన ఇలాంటి బజారును మోనాప్సనీ అంటారు. జోన్ రాబిన్సన్ 1933లోనే దీన్ని తన గ్రంథంలో విశ్లేషించింది. సగటు ఖర్చుకూ ఉపాంత వ్యయానికీ తేడా తెలియని మనిషి ఈ ఫలితాన్ని ఊహించలేడు. ఊహించలేడు కాబట్టే కూలి పెంచితే పనులు పోతాయన్న మాటకు తల వంచుతాడు.

ఇది నల్లబల్ల మీది లెక్క మాత్రమే అనుకుంటే పొరపాటు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా కూలి చెల్లింపులను చక్కదిద్దారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ ఆ మార్పును 157 మండలాల్లో పరిశీలించి, 2023లో 'ఎకనోమెట్రికా' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పథకం సరిగా నడిచిన చోట లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. ఆ పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి హామీ నుంచి వచ్చినది కాదు. బయటి పనుల్లో కూలి పెరిగింది, పని దొరకడం కూడా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో పని మరింత ఎక్కువగా పెరిగింది. పైన వేసిన చిన్న లెక్క తెలుగు పల్లెల్లో నిజమై కనిపించిందన్నమాట. పోటీ సంపూర్ణంగా ఉందన్న ఊహ మీద ఈ ఫలితం అర్థం కాదు. మోనాప్సనీ అధ్యాయం చదివినవారికే అర్థమవుతుంది. మన సిలబస్‌లో ఆ అధ్యాయాన్ని 'పరీక్షలో రాదు' అని దాటేస్తున్నారు.

మూడో ఆరోపణ, ఇది విదేశీ చదువు అని. ఈ శాస్త్రం ఏ మట్టిలో పెరిగిందో చూసినవారు ఈ మాట అనరు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో కొన్ని గ్రామాల్లో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. వాటిలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి ఒకటి. ఏ ఇంట్లో ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అన్నది ఏళ్ల తరబడి రాశారు. రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఆ లెక్కలతోనే ఒక ప్రశ్న వేశాడు. ఒక రైతు పంట పోతే ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతోంది, ఊరంతా కలిసి ఆ దెబ్బను ఎంత పంచుకుంటోంది? పంచుకోవడం చాలానే ఉందనీ, అది సంపూర్ణం కాదనీ తేలింది. ఆపదల బజారు గురించి యారో, డెబ్రూ రాసిన సిద్ధాంతానికి పరీక్ష పెట్టింది ఔరేపల్లి వంటి పల్లెలే. రైతు ఎంత రిస్కు భరించగలడో హాన్స్ బిన్స్‌వాంగర్ ప్రయోగాలు చేసి తెలుసుకున్నదీ ఆ గ్రామాల్లోనే. ప్రపంచంలోని పీజీ తరగతులు మన పల్లెల మీద చదువుకుంటున్నాయి. ఆ పల్లెల పిల్లలకు మాత్రం ఈ చదువు పరాయిదని చెబుతున్నాం.

జార్జ్ అకెర్లాఫ్ రాసిన పాత కార్ల వ్యాసం మూడు పత్రికలు తిప్పికొట్టాక 1970లో వెలుగు చూసింది, 2001లో ఆయనకు నోబెల్ తెచ్చింది. అందులో భారతదేశపు వడ్డీ వ్యాపారుల గురించీ ఒక భాగం ఉంది. ఆయన చెప్పిన సూత్రం ఇది. సరుకు నాణ్యత అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి సరుకు గిట్టదు, బజారు నుంచి తప్పుకుంటుంది. ఇప్పుడు బరంపురం పట్టు చీర సంగతి చూడండి. తెలుగు మూలాలున్న దేరా నేతకుటుంబాలు తరాలుగా నేస్తున్న కుంభం అంచు చీర అది. మగ్గం మీద నేసిన అసలు పట్టుకూ, పవర్‌లూమ్ మీద దింపిన నకలుకూ తేడా కొనేవారిలో ఎందరు కనిపెట్టగలరు? కనిపెట్టలేనప్పుడు నకలు ధర అసలు ధరను కిందికి లాగుతుంది, నేతగాడి కొడుకు మగ్గం వదిలేస్తాడు. భౌగోళిక గుర్తింపు, సిల్క్ మార్క్ ఎందుకు అవసరమో, ఆ ముద్రల మీద నమ్మకం పోతే ఏమవుతుందో అకెర్లాఫ్ వ్యాసం చదివినవారు స్పష్టంగా చెప్పగలరు. నేతకారులకు ఏ సాయం చేస్తే నిలుస్తుంది, ఏది వృథా అవుతుంది అన్న విచక్షణ అక్కడే మొదలవుతుంది.

గోపాల్‌పూర్ నుంచి దక్షిణంగా తీరం వెంట తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. ఒడియావాళ్లు వీళ్లను నోలియాలంటారు. రాబర్ట్ జెన్సెన్ 2007లో ఉత్తర కేరళ జాలర్ల మీద ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించాడు. మొబైల్ ఫోన్లు వచ్చాక ఏ రేవులో ఎంత ధర ఉందో పడవలోంచే తెలిసింది. రేవుకూ రేవుకూ ధరల తేడా బాగా తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయి, జాలరి లాభం పెరిగింది, తినేవారికి ధర తగ్గింది. మరి ఫోను మన రేవుల్లోనూ ఉంది కదా? పడవకూ వలకూ వర్తకుడి దగ్గర అడ్వాన్సు తీసుకున్న జాలరి చేపను ఆ వర్తకుడికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. పక్క రేవు ధర తెలిసి ఏం లాభం? అప్పు బజారూ చేపల బజారూ ఒకే మనిషి చేతిలో ముడిపడి ఉన్నాయి. ప్రణబ్ బర్ధన్ వంటివారు ఈ ముడి మీద విస్తారంగా రాశారు. ఇలాంటి చోట ధర తెలియజేసే యాప్ కంటే, చౌకగా అప్పు ఇచ్చే సహకార సంఘం ఎక్కువ పనిచేస్తుంది. ఆ సంగతి తేల్చి చెప్పేది సిద్ధాంతం. అది తెలియని అధికారి ఫోన్లు పంచి వెళ్లిపోతాడు.

అడ్వాన్సు మీద మనిషిని పనికి తీసుకుపోయే దాదన్ పద్ధతి ఒడిశాకు పాత గాయం. దాన్ని అదుపు చేయడానికి 1975లో రాష్ట్రం చట్టం చేసింది, 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. చట్టాలు వచ్చినా ఆ పద్ధతి ఎందుకు చావలేదు? 1973లో అమిత్ భాదురి ఒక నమూనా కట్టి, అప్పు ఇచ్చే భూస్వామికి కౌలుదారు బాగుపడటం ఎందుకు ఇష్టం ఉండదో చూపించాడు. బాగుపడితే అప్పు కోసం రాడు, వడ్డీ పోతుంది. తర్వాత డేవిడ్ న్యూబెరీ, టి.ఎన్. శ్రీనివాసన్ ఆ నమూనాను పరీక్షకు పెట్టారు. అంత బలమున్న భూస్వామి కౌలు వాటా మార్చి ఆ లాభాన్నీ తానే తీసుకోగలడు కదా అని అడిగారు. ఎవరి వాదం నిలుస్తుందన్నది ఇక్కడ గొంతు పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి తేలదు. ఏ ఊహ మీద ఏ ఫలితం ఆధారపడిందో ఇద్దరి కాగితాల మీదా కనిపిస్తుంది. దోపిడీ గురించి ఆవేశంగా మాట్లాడేవారు మనకు కొదవలేదు. అది ఏ దారిన జరుగుతుందో, ఏ కీలు విరిస్తే ఆగుతుందో చూపగలవారు కావాలి.

కులం, ఆడవాళ్ల స్థితి, బలం వంటివి మైక్రోలో లేవనే మాట కూడా సత్యదూరం. అకెర్లాఫ్ 1976లో కులం మీదే ఒక నమూనా రాశాడు. కట్టుబాటు ఎవరికీ నచ్చకపోయినా, దాటినవాణ్ని వెలివేస్తారన్న భయం ఒక్కటే దాన్ని నిలబెట్టగలదని అందులో చూపాడు. బీనా అగర్వాల్ 1994లో వెలువడిన తన గ్రంథంలో ఇంట్లో స్త్రీకి భూమి ఉంటే ఆమె మాటకు విలువ ఎందుకు పెరుగుతుందో బేరం సిద్ధాంతం ద్వారానే వివరించింది. బేరం కుదరకపోతే ఎవరికి ఎంత మిగులుతుందన్నదే బేరంలో ఎవరికి ఎంత దక్కాలో నిర్ణయిస్తుంది. జాన్ నాష్ 1950లో నిరూపించిన దాని సారం ఇదే. బరంపురంలోనే 1894లో పుట్టిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా, ఆ తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా పట్టుబట్టింది కూడా యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకోవాలనే. ఆ బేరంలో కార్మికుడు చిత్తు కాకుండా నిలబడాలంటే వెనక ఏ ఆసరా ఉండాలో ఈ శాస్త్రం చెబుతుంది.

మన కళ్లముందున్న మొగలి పువ్వు ఒక్కటి చాలు. దేశంలో మొగలి అత్తరు సింహభాగం గంజాం తీరం నుంచే వస్తుంది. తెల్లవారుజామున కోసిన పువ్వు కొన్ని గంటల్లోనే పరిమళం కోల్పోతుంది. దగ్గర్లో ఉన్న భట్టీలు కొన్నే. కొనేవాడు ఆగగలడు, అమ్మేవాడు ఆగలేడు. ఆ పువ్వు ధర ఎందుకు తక్కువో, పువ్వు తెచ్చే కుటుంబాలు సంఘంగా భట్టీ పెట్టుకుంటే ఎంత మారుతుందో లెక్కకట్టగల పరిశోధన బరంపురం విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్ నుంచి కాక ఎక్కడి నుంచి రావాలి?

నాలుగో మాట ఉద్యోగం. తల్లిదండ్రుల ఆందోళనను తేలిగ్గా తీసుకోకూడదు. పొదుపు చేసిన డబ్బుతో రెండేళ్లు చదివిస్తున్నారు. కానీ వాస్తవం వాళ్లు విన్నదానికి వ్యతిరేకంగా ఉంది. యూపీఎస్‌సీ నడిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షలో జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపరు చాలా భాగం మైక్రో సిద్ధాంతమూ దానికి కావలసిన గణితమే. యూజీసీ నెట్ ఎకనామిక్స్ సిలబస్‌లో మొదటి యూనిట్ మైక్రో ఎకనామిక్స్. రిజర్వ్ బ్యాంక్ ఆర్థిక పరిశోధన విభాగం నియామకాలకూ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల సీటుకూ ఇదే పునాది. మైక్రోను బట్టీ పట్టి దాటిన విద్యార్థికి ఈ తలుపులన్నీ మూసుకుపోతాయి. ఉద్యోగం కోసమని మైక్రో వదిలేయమనడం, ఉద్యోగపు దారిని వదిలేయమనడమే.

ఇక మిగిలింది అన్నిటికంటే బాధాకరమైన మాట. మన పిల్లల వల్ల కాదు అన్నది. ఈ జాలి విద్యార్థికి మేలు చేయదు. 1878 నుంచి కళాశాల ఉన్న ఊరు ఇది. 1967లో విశ్వవిద్యాలయం వచ్చింది. పట్టు లెక్కలు చూసే ఇళ్లలోంచీ, అప్పడాల వ్యాపారం నడిపే ఇళ్లలోంచీ, సూరత్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే ఇళ్లలోంచీ పిల్లలు తరగతికి వస్తున్నారు. వాళ్లకు ధరంటే ఏమిటో, బేరమంటే ఏమిటో, అప్పు ఎలా మెడకు చుట్టుకుంటుందో పుట్టినప్పటి నుంచీ తెలుసు. వాళ్లకు అడ్డుపడుతున్నవి రెండు. ఒకటి, డిగ్రీలో వదిలేసిన గణితం. రెండు, అర్థం కాని ఇంగ్లిష్‌లో చెప్పే పాఠం. రెండూ మనం తీర్చగలిగినవే. ఈత రాని పిల్లవాడికి ఈత నేర్పాలి, చెరువు పూడ్చకూడదు.

ప్రత్యర్థుల మాటలో ఒక న్యాయం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల మైక్రో పేరుతో జరుగుతున్నది చదువు కాదు. 1975 నాటి కుట్సోయానిస్ పుస్తకాన్ని కూడా తెరవకుండా, గైడు నుంచి ఎనిమిది బొమ్మలు దించుకుని రాసే పరీక్ష అది. మాస్‌కొలెల్, విన్‌స్టన్, గ్రీన్ కలిసి రాసిన 1995 నాటి ప్రామాణిక గ్రంథం చాలామంది విద్యార్థుల కంటికే పడదు. ఆ గ్రంథంలోనూ లోపం ఉంది, నిరూపణలు నిండుగా ఉంటాయి గాని నిజ జీవితపు లెక్కలు తక్కువ. కాబట్టి విమర్శ బోధన మీద ఎక్కుపెట్టాలి. చెడుగా చెప్పిన పాఠాన్ని చూపించి పాఠమే వద్దనడం న్యాయం కాదు.

గిడుగు రామమూర్తి పంతులు అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల భాషలోనే వాళ్లకు చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. అడవి బిడ్డలకు చదువు ఎక్కువని ఆయన అనుకోలేదు, భాష అడ్డు తీసేశారు. 1968లో మొదలైన తెలుగు అకాడమి అర్థశాస్త్రానికి కావలసిన తెలుగు మాటలను స్థిరపరిచింది. ఆ దారి తెరిచే ఉంది. ఉపాంత వ్యయం, సమతౌల్యం, వ్యాకోచత్వం తెలుగులోనూ, ఒడియాలోనూ చర్చించి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయమంటే ఏ విద్యార్థీ వెనకబడడు.

అందుకే అధ్యాపకులను అడుగుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో కలన గణితం నిజంగా నేర్పండి. గైడు ప్రశ్నలు మాని, వారానికొక సమస్యల కాగితం ఇచ్చి దిద్దండి. మోనాప్సనీ, సమాచార లోపం, బేరం సిద్ధాంతం ఉన్న అధ్యాయాలను చివరికి నెట్టి వదిలేయకండి. ఒక్కో అధ్యాయానికీ విద్యార్థులను ఒక్కో బజారుకు పంపండి. మొగలి భట్టీ, గోపాల్‌పూర్ రేవు, పట్టు నేతవీధి అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయ పాలకులను అడుగుతున్నాను. ప్రశ్నపత్రాలు మారకుండా బోధన మారదు, నిరూపణ అడిగే ప్రశ్న, లెక్క అడిగే ప్రశ్న పెట్టించండి. తల్లిదండ్రులను అడుగుతున్నాను. కష్టమైన పేపరును చూసి మీ పిల్లలను భయపెట్టకండి, వాళ్ల ముందున్న మంచి ఉద్యోగాలన్నీ ఆ పేపరు దాటాకే ఉన్నాయి.

ప్రజల పక్షాన నిలబడే మేధావులకు చివరి మాట. కూలి రేటు నిర్ణయించే గదిలో, పువ్వు ధర నిర్ణయించే గదిలో, వలస కార్మికుల చట్టం రాసే గదిలో ఈ శాస్త్రం భాష మాట్లాడేవారే కూర్చుంటున్నారు. ఆ భాష గంజాం పిల్లలకు రాకుండా చేస్తే ఆ గదిలో గంజాం తరఫున మాట్లాడేవారు ఉండరు. పీజీ మైక్రో ఎకనామిక్స్‌ను పూర్తిగా, లోతుగా, తమ భాషలో నేర్చుకోవడం ఈ జిల్లా పిల్లల హక్కు. దాన్ని తగ్గించి ఇవ్వడానికి మనలో ఎవరికీ అధికారం లేదు.